మత్తు దిగాక దుప్పటి బేరం

2014 ఎండాకాలంలో మా నర్సింగ్ హోమ్‌కు ఒక కొత్త రోగం పట్టుకుంది. మంచం మీద తెల్లజుట్టు కనబడితే చాలు, ఎవరో ఒకరు ఆగి "ఇవాళ ఏ వారం? ఇది ఏ ఊరు?" అని అడిగేవారు. ఆ రోగం అంటించింది నేనే. నేను మత్తు డాక్టర్ని. మత్తు ఇచ్చేటప్పుడు నా మొహం చూసినవాళ్లకు మత్తు దిగాక గుర్తుండను కాబట్టి, నాకు పేరు రాదు, తిట్లూ రావు. ఆ ధీమాతోనే అందరి మీదా అరుస్తూ ఇరవై ఏళ్లు గడిపేశాను.

పెద్ద వయసువాళ్లకు ఆపరేషన్ అయ్యాక కొందరికి మతి తప్పుతుంది. ఎక్కడున్నారో తెలియదు, ఎదురుగా ఉన్నది కూతురో నర్సో తెలియదు. చాలామంది కొద్దిరోజుల్లో కోలుకుంటారు. కొందరు పూర్తిగా మునుపటి మనిషి కారు. ఇది రాకుండా చూడటానికి గొప్ప మందులేమీ లేవు. కళ్లద్దాలు, పళ్లసెట్టు వెంటనే తిరిగివ్వాలి. నీళ్లు తాగించాలి. మర్నాడే లేపి నడిపించాలి. పగలు వెలుతురు, రాత్రి నిద్ర, పక్కన తెలిసిన ముఖం ఉండాలి. అక్కర్లేని బిళ్లలు వేయకూడదు. ఇందులో ఏదీ ఒక్క డాక్టరు చేయగలిగేది కాదు, అందరూ కలవాలి. మా దగ్గర అందరూ కలిసి చేసే పని టీ తాగడం ఒక్కటే.

నారాయణగూడలో ఒక సందు చివర ఉండేది మా నర్సింగ్ హోమ్. అందరూ అంటే నలుగురం. ఎముకల డాక్టర్ కృష్ణా జిల్లా మనిషి, గుసగుసలాడినా పై అంతస్తుకు వినబడేది. హెడ్ సిస్టర్ ముషీరాబాద్ ఆవిడ, వార్డులో గాలి కూడా ఆవిడ అనుమతి తీసుకుని వీచేది. నడక నేర్పే ఫిజియో కుర్రాడు అడిక్‌మెట్ నుంచి బండి మీద వచ్చేవాడు, ఎవరేమన్నా నవ్వేవాడు. నాలుగోదాన్ని నేను. మాలో ఒకరి మీద ఒకరికి గౌరవం ఉండేది కానీ నమ్మకం ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో చిక్కడపల్లి నుంచి ఒక పెద్దాయన తుంటి ఎముక విరగ్గొట్టుకుని వచ్చాడు. భార్య కర్టెన్ తిరగేసి వేసిందని స్టూలెక్కి సరిచేయబోయి పడ్డాడట. పడ్డాక కూడా కింద నుంచే కర్టెన్ ఎలా వేయాలో చెప్పాడట. ఆయన జీవితమంతా చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బట్ట విషయంలో తప్పు జరిగితే ఆయనకు ఒంట్లో ఏదో విరిగినంత బాధ. ఈసారి నిజంగానే విరిగింది.

ఆపరేషన్‌కు ముందు నేను చూడ్డానికి వెళ్తే నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నా చీరకు ఫాల్ సరిగ్గా కుట్టలేదన్నాడు. నొప్పి గురించి అడిగితే పట్టించుకోలేదు. ఆయన గుబులు వేరే ఉంది.

"మత్తు ఎంతనన్న ఇయ్యి డాక్టరమ్మా. గని నా మతి నాకు వాపస్ ఇయ్యాలె. పోయినసారి పిత్తాశయం ఆపరేషనప్పుడు మూడు దినాలు ఏందేందో వాగిననట. ఏం వాగిన్నో ఈమె చెప్తలేదు."

పక్కనే ఉన్న పెద్దమ్మ, ఆయన భార్య, తల తిప్పుకుంది. నేను బయటికొస్తే వెనకాలే వచ్చి, లిఫ్టు దగ్గర నిలబడి అసలు సంగతి చెప్పింది. అప్పుడు వేరే ఆసుపత్రిలో ఆయన ఆవిడను గుర్తుపట్టలేదు. చీరలు కొనడానికి వచ్చిన గిరాకీ అనుకున్నాడు. మంచం మీది దుప్పటి మడిచి, విప్పి, అంచు వేళ్ల మధ్య పట్టి చూపించి, ఈ రంగు మీకు చాలా బాగుంటుంది మేడం అని మూడు రోజులు దుప్పటి అమ్మాడు. ఇంట్లో సార్ ఏం చేస్తారని కూడా అడిగాడు. చీరలమ్ముతాడని ఆవిడ చెబితే, అయితే మా ధర ఆయన్ని అడిగి చూడండి అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆవిడ కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నలబై ఏండ్ల కాపురం బిడ్డా. నాతోని ఒక్కనాడు గంత ముద్దుగ మాట్లాడలే. మాట్లాడిన గా మూడు దినాలు నేనెవరో ఆయనకు తెల్వదు. ఈసారి గట్లనే పోయి మల్ల రాకుంటె నేనేం జెయ్యాలె?"

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ కోపంతోనే నేరుగా వెళ్లి మిగతా ముగ్గుర్నీ టీ దగ్గర కూర్చోబెట్టాను. ఈ పెద్దాయనకు మతి తప్పితే ఊరుకునేది లేదన్నాను. పళ్లసెట్టు, కళ్లద్దాలు థియేటర్ తలుపు దాకా ఆయనతోనే ఉండాలని, బయటికి రాగానే పెట్టాలని, రోజూ అందరూ ఆయనతో మాట్లాడి మతి ఎలా ఉందో చూడాలని చెప్పాను. అందరూ తలూపారు. నాకప్పుడే అనుమానం రావలసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. నడుము దాకా తిమ్మిరెక్కించి చేశాం. ఆయన మెలకువగానే ఉండి, మీద కప్పిన పచ్చ గుడ్డ ఏ మిల్లుదో చెప్పాడు. బయటికొచ్చాక మాత్రం పళ్లసెట్టు కనబడలేదు. నేను వార్డంతా తలకిందులు చేశాను. అది ఫిజియో కుర్రాడి చొక్కా జేబులో ఉంది. పోకూడదని గుండెకు దగ్గరగా పెట్టుకున్నాడట. అలా పెట్టుకుని కిందికెళ్లి మిర్చి బజ్జీలు కూడా తిని వచ్చాడు. సిస్టర్ దాన్ని మూడుసార్లు కడిగాక గానీ పెద్దాయన నోట్లోకి వెళ్లనివ్వలేదు.

మర్నాటి నుంచి మొదలైంది. పొద్దున సిస్టర్ వచ్చి ఇవాళ ఏ వారం అని అడిగింది. ఆవిడ సరిగ్గా అడిగిందో లేదోనని ఎముకల డాక్టర్ వచ్చి మళ్లీ అడిగాడు. ఇద్దరి మీదా నమ్మకం లేక నేనడిగాను. నేను వెళ్లాక ఫిజియో వచ్చి, నవ్వుతూ, ఇది ఏ ఊరు సార్ అన్నాడు. మధ్యాహ్నం మళ్లీ అదే వరస. ఊడ్చే అమ్మ కూడా చీపురు ఆనించి నిలబడి, తాతా ఇయ్యాల ఏం వారం అంది. ఆవిడకు నిజంగానే తెలియక అడిగిందని తర్వాత తేలింది.

సాయంత్రం పెద్దాయన భార్యను దగ్గరికి పిలిచి ఈ దవాఖానాలో ఎవరికీ మతి సక్కగ లేదని, ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతున్నారని గుసగుసగా చెప్పాడట. తర్వాత నేను వెళ్తే నామీద విరుచుకుపడ్డాడు.

"ఏంది డాక్టరమ్మా, కాలు బాగు చేస్తున్నరా, గ్రూప్ టూకు తయారు చేస్తున్నరా?"

నేనుండేది అశోక్‌నగర్లో. మా వీధిలో ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో ఉండి, ఉద్యోగాల పరీక్షలకని టీ బండి దగ్గర కూడా ఒకర్నొకరు రాజధానులు, నదులు అడుగుతూ ఉంటారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. మావాళ్లు ఒక మంచం చుట్టూ అశోక్‌నగర్ తయారు చేశారు.

అసలు గొడవ రాష్ట్రం దగ్గర వచ్చింది. మనం ఏ రాష్ట్రంలో ఉన్నామన్నది పాత ప్రశ్నే. కానీ అప్పటికి తెలంగాణ ఇస్తున్నట్టు చెప్పేశారు, ఇంకా చేతికి రాలేదు. పెద్దాయనను అడిగితే, "అది ఢిల్లీల అడుగుండ్రి. మంచం మీద పన్నోన్ని నన్నడిగితె ఎట్ల?" అన్నాడు. సిస్టర్ అది సరైన జవాబేనంది. ఎముకల డాక్టర్ కాదన్నాడు, ఈ పొద్దు దాకా ఆంధ్రప్రదేశే కదా అన్నాడు. సిస్టర్ ఆ పొద్దు ఎంతసేపో చూద్దామంది. ఇద్దరూ రెండు పూటలు మాట్లాడుకోలేదు. ఇక నుంచి రాష్ట్రం గురించి ఎవర్నీ అడగవద్దని నేను ఆర్డర్ వేశాను.

ప్రశ్నలు ఆగకపోయేసరికి పెద్దాయన తన దారి తాను చూసుకున్నాడు. ఆ మర్నాడు నేను మధ్యాహ్నం ఇంటికి వెళ్లి కంచం ముందు కూర్చున్నానో లేదో ఎముకల డాక్టర్ ఫోన్. ఆ గొంతు నా చెవిలోనే కాదు, ఎదురింటివాళ్ల చెవిలోనూ పడింది. పెద్దాయనకు మతి పోయింది, ఇది నాంపల్లి స్టేషన్ అంటున్నాడు, నన్ను టీసీ అంటున్నాడు, వెంటనే రండి అన్నాడు. అన్నం వదిలేసి ఆటో ఎక్కి పరుగున వెళ్లాను. వార్డులో సిస్టర్ రక్తపరీక్షకు సీసాలు సర్దుతోంది. ఫిజియో నవ్వడం మానేశాడు. పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. పెద్దమ్మ మాత్రం తీరిగ్గా బత్తాయి వొలుస్తోంది.

"పరేషాన్ కాకుండ్రి. ఇప్పుడే నన్ను బత్తాయి వొల్వనీకి రాదని తిట్టిండు. తిట్టెటోడు మంచిగున్నట్టే. నాకు మేడం అన్ననాడు చెప్త, గప్పుడు ఉరుకుండ్రి" అంది.

నాకు ఒళ్లు మండింది. ఆకలి ఒకపక్క. పెద్దాయనతో, ఆటలాడితే ఈసారి నిజం మత్తు ఇస్తానన్నాను. ఆయన గోడవైపే తిరిగి టికెట్ చూపించమన్నాడు.

ఆ తర్వాతి రోజు వార్డు ప్రశాంతంగా ఉంది. పెద్దాయన ఎవర్నీ ఏమీ అనలేదు. వారం అడిగితే వారం చెప్పాడు, ఊరు అడిగితే ఊరు చెప్పాడు. ఉప్మా బాగుందన్నాడు. మా ఉప్మాను బాగుందన్న మనిషిని అంతవరకూ మేమెవరం చూడలేదు. ఎముకల డాక్టర్ ఆనందం పట్టలేక అందరికీ టీతోపాటు ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. చూశారా, మన టీమ్ అన్నాడు. నేను కూడా రెండు బిస్కెట్లు తిన్నాను.

ఇంటికి వెళ్లి స్నానం చేసి వచ్చిన పెద్దమ్మ పైకి వెళ్లింది. కాసేపటికి మెట్ల మీద నిలబడి నన్ను పిలిచింది. ఆవిడ ముఖం చూసి నా చేతిలోని కప్పు కింద పెట్టేశాను.

"మేడం అంటున్నడు" అంది.

ఎముకల డాక్టర్ నమ్మలేదు. అన్ని ప్రశ్నలకూ సరిగ్గా చెప్పాడు కదా అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. కానీ లోపలికి వెళ్లేసరికి పెద్దాయన దుప్పటిని నాలుగు మడతలు వేసి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, ఎప్పుడూ చూడనంత చక్కగా నవ్వాడు.

"రాండి మేడం, కూసోండి. పట్టు చూపియ్యాల్నా, కాటన్ చూపియ్యాల్నా?"

ఫాల్ గురించి ఒక్క మాటా అనలేదు. అప్పుడు నాకు అర్థమైంది. రెండు రోజులుగా అడిగి అడిగి మేము ఆయనకు ఆ జవాబులు కంఠతా పట్టించాం. ఎదురుగా గోడ మీద పెద్ద క్యాలెండర్ కూడా పెట్టించాను. మనిషి లోపల ఎక్కడికో జారిపోతున్నా, నోరు మాత్రం ఊరూ వారం అప్పజెబుతూనే ఉంది. గోల చేసే మతిభ్రమను అందరూ పట్టుకుంటారు. ఇలా బుద్ధిగా, మెల్లగా వచ్చేదాన్ని బిస్కెట్లు పంచి పండగ చేసుకుంటారు.

మంచం చుట్టూ నలుగురం నిలబడ్డాం. ఇన్నాళ్లూ ఆయనను అడిగినవి చాలని, ఇప్పుడు ఒకర్నొకరం అడుగుదామన్నాను. అడిగితే ఒక్కొక్కటిగా బయటపడింది. పట్టీ వేసినచోట దురదగా ఉందని ఆయన ముందురోజు సాయంత్రం ఎముకల డాక్టర్‌తో అన్నాడు. డాక్టర్ సిస్టర్‌కు దురద బిళ్ల వేయమని చెప్పి వెళ్లిపోయాడు. సిస్టర్ రాత్రి ఒకటి, పొద్దున ఒకటి వేసింది. నాకెవరూ చెప్పలేదు. పెద్ద వయసులో ఆ పాతరకం దురద బిళ్ల మతినీ కలత పెడుతుంది, మూత్రాన్నీ బిగబట్టేస్తుంది. పొద్దున మగతగా ఉన్నాడని ఫిజియో జాలిపడి నడిపించకుండా పడుకోనిచ్చాడు. సిస్టర్‌కు చెప్పలేదు. మగతగా పడుకున్నవాడికి వెలుతురెందుకని సిస్టర్ కర్టెన్లు వేయించింది. అదీ ఎవరికీ చెప్పలేదు. అందరం రోజంతా అదే ప్రశ్న అడిగాం కానీ, ఆయన పొద్దున్నుంచి ఒంటికి వెళ్లాడా అని అడిగినవాళ్లు లేరు. సిస్టర్ పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూసి నాలుక కరుచుకుంది. కడుపు రాయిలా ఉంది.

నేను అరవలేదు. అది చూసి వాళ్లకు ఎంత భయమేసిందో, ఎవరూ ఎవర్నీ తప్పుపట్టలేదు. ఆ బిళ్ల ఆపేశాం. సిస్టర్ గొట్టం వేసి మూత్రం తీసేసింది. రక్తపరీక్షకు పంపాం. సెలైన్ ఎక్కించి, గుక్కగుక్కగా నీళ్లు కూడా తాగించాం. కర్టెన్లు తీయించాం. ఇకమీదట ఎవరూ ప్రశ్నలడగవద్దని, దగ్గరికి వెళ్లినప్పుడల్లా మనమెవరమో మనమే చెప్పాలని అనుకున్నాం. ఇక మిగిలింది నడక. లేవమంటే ఆయన లేవడం లేదు. దుకాణంలో గిరాకీలుండగా లేచి ఎలా వస్తానంటున్నాడు.

అందరం ఒకరి ముఖాలొకరం చూసుకుంటుంటే పెద్దమ్మ ముందుకొచ్చింది. దుప్పటి అంచు పట్టుకుని చూసి, పెదవి విరిచి, అసలైన గిరాకీ గొంతుతో అంది.

"గీ ట్యూబులైటు కింద రంగు తెలుస్తలేదు. జర బయట వెలుతుర్ల చూపియ్యుండ్రి."

ఏ చీరల దుకాణంలోనైనా అంతే. గిరాకీ ఆ మాట అన్నాక సేల్స్‌మన్ కూర్చోడు. చీర చేతిలోకి తీసుకుని వాకిటి దాకా వచ్చి పగటి వెలుతురులో చూపించాల్సిందే. పెద్దాయన "రాండి మేడం" అంటూ కాళ్లు కిందికి దించాడు. ఫిజియో ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే వాకర్ ముందుకు తోసి పక్కన పట్టుకున్నాడు. దుప్పటి వాకర్ మీద వేసుకుని ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ కిటికీ దాకా వచ్చాడు. వెనక సిస్టర్ సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని నడిచింది. అక్కడ దుప్పటి విప్పి ఎండలో పట్టి, ఈ రంగు మీకు చాలా బాగుంటుంది మేడం అన్నాడు. పెద్దమ్మ అవునంది. అక్కడితో బేరం విడిచిపెట్టలేదు, ఇంకొకటి చూపించమంది.

ఆ రోజు మా నర్సింగ్ హోమ్‌లో ఇంకో పని జరగలేదు. సిస్టర్ తన కూతురి పెళ్లికని తలగడ గలీబు బేరమాడింది. నేను తువ్వాలు చూశాను. ఎముకల డాక్టర్ వచ్చి, ముందు తన పేరు, చేసే పని చెప్పుకుని, తర్వాత వాళ్లావిడకు ఆకుపచ్చది కావాలన్నాడు. థియేటర్ పచ్చగుడ్డ తెచ్చి ఇస్తే పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, అమ్మగారిని తోలుకొనిరాండి సార్, మగవాళ్లు ఎంచిన రంగు మరునాడే వాపసొస్తది అన్నాడు. ప్రతి గిరాకీ కోసం ఆయన కిటికీ దాకా నడిచాడు. ఫిజియో ఆనందానికి అంతులేదు. మేము నలుగురం ఒకే పని మీద ఒకేచోట అంతసేపు ఉండటం అదే మొదలు.

మర్నాడు పొద్దున పెద్దాయన నిద్రలేచాక పెద్దమ్మ టీ అందించింది. మేము గుమ్మం దగ్గరే నిలబడ్డాం. ఆయన ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"ఏమే, గిండ్ల షక్కర్ వేసినవా, మర్సిపోయినవా? నీ మతి ఏడ పెట్టినవ్?"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిస్టర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంత గొప్ప తిట్టు నేను నా సర్వీసులో వినలేదు.

ఆయన ఇంటికి వెళ్లాల్సిన రోజు దగ్గరపడ్డాక సిస్టర్ నోరు ఆగక, తనకు గలీబు అంటగట్టారని, పెద్దమ్మకైతే రంగు బాగుందని ఎంత పొగిడారోనని నవ్వుతూ చెప్పేసింది. ఆయన నవ్వలేదు. భార్య వైపు తిరిగి, నిజంగా గట్లన్ననా అని అడిగాడు. అన్నవ్, కానీ నాతోని కాదు అందావిడ. ఆ పూటంతా ఆయన ఎవర్నీ తిట్టలేదు. మేము భయపడి రెండుసార్లు జ్వరం చూశాం.

డిశ్చార్జి రోజు పొద్దున నేను థియేటర్ నుంచి అప్పుడే బయటికొస్తున్నాను. సిస్టర్ పరుగెత్తుకుంటూ వచ్చింది. మళ్లీ మొదలైంది మేడం, రంగు బాగుందంటున్నాడు అంది. ఎముకల డాక్టర్, ఫిజియో అప్పటికే మెట్లెక్కుతున్నారు. నలుగురం ఒక్కసారే వార్డులో పడ్డాం. పెద్దాయన మంచం అంచున కూర్చుని పెద్దమ్మ కట్టుకున్న పాత నేత చీర కొంగు వేళ్ల మధ్య పట్టుకుని ఉన్నాడు. ఎముకల డాక్టర్ కంగారులో మా కట్టుబాట్లన్నీ మర్చిపోయి, పెద్దాయనా, ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, మనం ఏ రాష్ట్రంలో ఉన్నామని ఒక్క ఊపున అడిగేశాడు.

పెద్దాయన మమ్మల్ని నలుగుర్నీ వరసగా చూశాడు. కొంగు మాత్రం వదల్లేదు.

"రాష్ట్రం సంగతి నాకు తెల్వదు. ఈమె నా పెండ్లాం. ఈ రంగు ఈమెకు మంచిగుంటదని ఈమెకే చెప్తున్న. మీకేంది?"

పెద్దమ్మ మా వైపు చూడకుండానే లేచింది. ఆయన చేతిలోని కొంగు జారిపోకుండా మెల్లగా కిటికీ దగ్గరికి నడిచింది. ఆయన వాకర్ అందుకుని వెంట వెళ్లాడు. అక్కడ కిటికీకి అడ్డంగా నిలబడిపోయి ఉన్నది నేను.

"జర పక్కకు జరుగు బిడ్డా, వెలుతురు రానియ్యి" అంది.

నేను జరిగాను.